వేరు లేని పుట్టగొడుగులు

తాండూరు
4-5-1959

గోవిందమ్మ వదినగారికి,

క్షేమమని మొదలుపెట్టడానికి మా ఇంట్లో క్షేమం లేదు కాబట్టి నేరుగా విషయానికి వస్తున్నాను. ఈ ఉత్తరం మా జీతగాడు జంగప్ప చేతికిచ్చి, మీ అమ్మాయి ఇందిరను అతనితోనే పొద్దుటి రైలుకు పంపుతున్నాను. ఆమె ట్రంకుపెట్టె కూడా పంపుతున్నాను. పెట్టె ఎందుకో మీకు విడమరచి చెప్పనక్కరలేదు.

మా అత్తగారు కొండమ్మ దినాలకు మీరు వచ్చినప్పుడు నలుగురిలో గొడవ ఎందుకని ఊరుకున్నాను. పండుటాకు, రాలిపోయిందని మీరూ కళ్లు తుడుచుకుని వెళ్లారు. ఆవిడ వయసు మీరి పోలేదు. ఉగాది వెళ్లిన వారానికి అకాలవాన పడింది చూడండి, దాని మూడో నాడు మా ఇంట్లో పుట్టగొడుగుల కూర వండారు. తిన్న రెండు గంటలకే నేను, మా ఆయన, మా అబ్బాయి రాజేందర్, అత్తగారు నలుగురం వాంతులతో మంచాన పడ్డాం. మేము ముగ్గురం మూడు రోజులకు లేచాం. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, ఆవిడ లేవలేదు.

పుట్టగొడుగుల సంగతి మీ ఇంట్లో తెలిసినట్టు ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదని పెళ్లిచూపుల నాటి నుంచి వింటున్నాను. అనంతగిరి అడవి పక్కన పుట్టిన పిల్ల, చూడగానే మంచిదేదో చెడ్డదేదో చెబుతుందని మీరే అన్నారు. బాగా చెప్పింది. కోసుకొచ్చింది ఆ పిల్లే, వండింది ఆ పిల్లే, వడ్డించింది ఆ పిల్లే. ఇంట్లో తిననిది కూడా ఆ పిల్లే. మా ఆయన “ఎవలు తెచ్చిండ్రు ఇవి?” అని అడిగితే “నేనే తెచ్చిన మామా” అని తన నోటితోనే ఒప్పుకుంది. వినడానికి పక్కింటివాళ్లు కూడా ఉన్నారు.

మళ్లీ పంపే ప్రయత్నం చేయకండి. మా ఆయన గడప తొక్కనివ్వరు.

సావిత్రమ్మ


వికారాబాదు
12-5-1959

సావిత్రమ్మ వదినగారికి,

మీ ఉత్తరం, మీ పెట్టె, మా పిల్ల మూడూ చేరాయి. పెట్టె తాళం చెవి మాత్రం రాలేదు. అది కూడా మా పిల్లే మింగిందంటారేమో.

ఇంట్లో అందరూ తిని మా పిల్ల ఒక్కతే ఎందుకు తినలేదని ఊరంతా అనుకుంటున్నారు కదా. ఆ ప్రశ్న నేను ఇందిరను అడిగాను. ఆ పిల్ల జవాబు చెప్పడానికి సిగ్గుపడింది. మీ తరఫున సిగ్గుపడింది. మీ ఇంట్లో కోడలు ఆఖర్న కూర్చుంటుంది. ఆ రోజు ఆమె కూర్చునే సరికి గిన్నె నాకినట్టు ఉందట. జొన్నరొట్టె, పచ్చికారం తిని లేచింది. మీరు ఒక్క గరిటెడు మిగిల్చి ఉంటే నా కూతురు కూడా ఆ రాత్రి మంచాన పడేది, అప్పుడు మీరు ఆమెను నమ్మేవారు. మీ ఆకలి మా పిల్ల ప్రాణం కాపాడి పరువు తీసింది.

ఇక విద్య సంగతి. ఎగతాళి చేశారు కాబట్టి చెబుతున్నాను. మంచి పుట్టగొడుగు చెదపుట్ట ఉన్న మట్టిలోంచి వస్తుంది. గొడుగు నడుమ మొన ఉంటుంది. కాడ కింద తోకలాగా సన్నటి వేరు మూరెడు లోతుకు దిగుతుంది. కుక్కగొడుగు పెంట మీదా, పచ్చిక లోనూ మొలుస్తుంది. దానికి వేరుండదు, అడుగున గడ్డలా ఉబ్బి ఉంటుంది. లేతగా ఉన్నప్పుడు రెండూ తెల్లగానే కనిపిస్తాయి, విచ్చిన మర్నాటికి కుక్కగొడుగు లోపలి రేకులు ఆకుపచ్చకు తిరుగుతాయి. వేరు చూస్తే చాలు, ఏడేళ్ల పిల్ల చెబుతుంది. ఇందిర ఏడేళ్లప్పుడే చెప్పింది.

ఎక్కడ కోశావని అడిగితే “కల్లం పక్కన, పెంటదిబ్బ కాడ” అంటుంది. పెంటదిబ్బ మీద మొలిచినదాన్ని మా పిల్ల కాలితో కూడా తాకదు. అబద్ధం చెబుతోందని తెలుస్తూనే ఉంది. ఎవరి కోసం చెబుతోందో మీరే చెప్పండి.

గోవిందమ్మ


తాండూరు
28-5-1959

వదినగారికి,

ఆ పిల్ల కుట్టుమిషను, మిగిలిన చీరెలు జంగప్పతో పంపుతున్నాను. తాళం చెవి చీరెల మడతలో ఉంది. లెక్క సరిచూసుకోండి.

గిన్నె ఖాళీ చేశామని రాశారు. చేశాం. కూర బాగుంది, తిన్నాం. మా అత్తగారు రెండుసార్లు అడిగి వేయించుకుంది. పళ్లు లేని మనిషికి మెత్తటి కూర దొరికితే అంతే. నేను మంచం దిగినప్పటి నుంచి ఆవిడ పోయేదాకా నోట్లో చెంచాతో నీళ్లు పోసింది నేను. అవి కూడా నిలవలేదు. ఇదంతా చూడనివాళ్లు వికారాబాదులో కూర్చుని వెటకారాలు రాయగలరు.

కూరలో నిజాం కాలపు పాత హాలీ వెండి రూపాయి వేసి ఉడికించాం. విషమైతే నల్లబడుతుందంటారు. నల్లబడలేదు. అంతకంటే ఏం చూడాలి? రేకులు తెల్లగానే ఉన్నాయి.

ఎవరు తెచ్చారని నన్ను అడుగుతున్నారు. మీ అమ్మాయి చెప్పింది కదా, ఆమెనే అడగండి.

ఇంకో మాట కూడా మీరు ఎవరి నోటనో వినే ముందు నేనే రాస్తున్నాను. దౌల్తాబాదులో మా అన్న కూతురు ఉంది. మీ అమ్మాయితో తెగతెంపులు చేయించి ఆ పిల్లను చేసుకోమని ఇంట్లో పెద్దవాళ్లు రాజేందర్‌తో అంటున్నారు. వాడు ఇప్పటికైతే ఏమీ అనలేదు. ఎన్నాళ్లు అనకుండా ఉంటాడో నేను చెప్పలేను.

సావిత్రమ్మ


వికారాబాదు
16-6-1959

సావిత్రమ్మగారికి,

మీ జంగప్ప కుట్టుమిషను దింపి, చల్ల తాగి, చెంబు కింద పెట్టి ఏమన్నాడో వినండి. “అమ్మా, చిన్నమ్మ ఆ దినం గడప దాటలే. పెద్దమ్మనే పొద్దుగాల కొడవలి, గంప పట్టుకొని చెల్క దిక్కు పోయింది. నేను ఎడ్లకు గడ్డేస్తుంటే జూసిన. చిన్నమ్మ మీద ఎందుకేస్తుండ్రో నాకైతే సమజ్ గాలే.”

వాడి పెద్దమ్మంటే మీరే కదా. ఆ మాటలు ఇందిరకు వినిపించాను. అప్పుడు ఏడ్చింది. పుట్టింటికి వచ్చి నెలన్నరైనా ఏడవని పిల్ల. ఏడుపు ఆపుకుని చెప్పింది: “అత్తమ్మ గంప తెచ్చి పొయ్యికాడ పెట్టిందమ్మా. జూస్తే ఒక్కదానికీ వేర్లు లెవ్వు. అన్ని మొదట్లకే కోసి ఉన్నయ్. అత్తమ్మా, వేర్లేవి అని అడిగిన. ఉడకబెట్టు, రూపాయి ఏసి జూద్దాం అన్నది. నేను ఇంకేమంట?”

కాబట్టి ఇది. తెచ్చింది మీరు. అడిగింది మా పిల్ల. తోసిపుచ్చింది మీరు. వండమంటే వండిన పాపానికి ఆమెను పెట్టెతో సహా రైలెక్కించింది మీరు. పైగా ఆమె స్థానంలో కూర్చోబెట్టడానికి మీ అన్న కూతుర్ని సిద్ధం చేస్తున్నది కూడా మీరే. ఇంత పని చేసినవాళ్లు ఉత్తరం మొదట్లో క్షేమం లేదని రాస్తారా?

వచ్చే మాసికానికి నేను తాండూరు వస్తున్నాను. పిలిచినా పిలవకపోయినా వస్తాను. మీ బంధువులందరి ముందు ఇదే మాట మిమ్మల్ని అడుగుతాను.

గోవిందమ్మ


తాండూరు
27-6-1959

రావద్దు. ముందు ఇది చదవండి.

జంగప్పను పనిలోంచి తీసేశాను. మీ వల్ల ఒకడి జీతం పోయింది, అది మీ ఖాతాలో రాసుకోండి.

తెచ్చింది నేనే. వాన వెలిసి ఎండ కాసిన పొద్దున చెలక చేను గట్టున పచ్చికలో తెల్లగా గుంపులుగా మొలిచి కనిపించాయి. మా వైపు చైత్రంలో అవి కనిపించడం ఎప్పుడూ లేదు. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఎప్పుడూ కోడలికే తెలుసంటారు, ఒక్కసారి నేనూ తెచ్చి చూపిద్దామనుకున్నాను. అదీ నా నేరం.

మా ఆయన అడిగినప్పుడు నేను కూడా మంచం మీదే ఉన్నాను. నోరు తెరిచేలోపు ఇందిర “నేనే” అంది. ఎందుకు అందో నేను ఆమెను అడగలేదు. నా ముఖం చూసి అని ఉంటుంది. అప్పటికి అత్తగారు ఇంకా బతికే ఉన్నారు, లేచి కూర్చుంటే అంతా మామూలైపోతుందనుకున్నాను. ఆవిడ లేవలేదు. ఇక ఆ తర్వాత ఎలా చెప్పను? నాకూ మా అత్తగారికీ ముప్పై ఏళ్లు పడలేదని తాండూరులో కుక్కలకు కూడా తెలుసు. నా పెళ్లైన మూడో నెలలో ఆవిడ నా చేతి అన్నం విసిరికొట్టింది. ఏడేళ్లు ఒకే ఇంట్లో మాట్లాడుకోలేదు. కొత్త కోడలు తెచ్చిందంటే తెలియక తెచ్చిందంటారు. సావిత్రమ్మ తెచ్చిందంటే ఎవరు అంటారు ఆ మాట?

ఇక వేరు సంగతి. వేరు చూస్తే చాలని పెద్ద పాఠం రాశారు. పోయిన ఏడు మృగశిరలో నేను మీ ఇంటికి వచ్చినప్పుడు మీ చెలకలోకి తీసుకెళ్లి మీరు నాతో ఏమన్నారు? నేను ఒకటి పట్టుకుని లాగబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. “వేరుతోని గుంజొద్దు వదినా, పుట్ట చెడుతది, మల్ల ఏడు మొలవయ్. కొడవలితోని మొదట్లకే కొయ్యాలె” అన్నారు. అలాగే కోశాను. ఒక్కటీ లాగలేదు. ఇందిర వేర్లేవని అడిగితే, “మీ అమ్మనే గట్ల కొయ్యమన్నది” అన్నాను. ఆ మాట మీ అమ్మాయి మీకు చెప్పలేదా? చెప్పే ఉంటుంది. మీ ఉత్తరంలో మాత్రం లేదు.

సావిత్రమ్మ


వికారాబాదు
5-7-1959

సావిత్రమ్మగారికి,

మీ కథ చదివాను. ముప్పై ఏళ్ల అత్తాకోడళ్ల గొడవకు నా కూతురు జరిమానా కట్టనక్కరలేదు.

మీరు మీ ఆయనకు మీ నోటితో చెప్పాలి. రాజేందర్ ఎదుట చెప్పాలి. అతను స్వయంగా వచ్చి నా కూతుర్ని తీసుకెళ్లాలి. ఈ నెలాఖరు దాకా చూస్తాను. ఆ తర్వాత మీ రెండు ఉత్తరాలు, ఈ మధ్య వచ్చినదీ మొదట వచ్చినదీ, మీ ఆయన చేతికిస్తాను. పక్కపక్కన పెట్టుకుని చదువుకుంటారు.

మిగతా విషయాలు రాయడానికి నాకు తీరిక లేదు. మృగశిర, ఆరుద్ర రెండూ అయ్యాయి, విత్తనాలు పడుతున్నాయి. నాగలి పట్టించడానికీ నేనే, కలుపుకూ నేనే. మొగుడు పోయిన ఇల్లు.

గోవిందమ్మ


దౌల్తాబాదు
30-8-1959

గోవిందమ్మగారికి,

ఉత్తరం ఎక్కడి నుంచి వస్తోందో పైన చూసే ఉంటారు. ఇది మా అన్నగారి ఇల్లు.

చెప్పాను. రాత్రి భోజనాలు కాగానే, మా ఆయన, రాజేందర్ ఇద్దరూ ఉండగా చెప్పాను. మీ బెదిరింపుకు చెప్పానని మీరు అనుకుంటారు, అనుకోండి. మా ఆయన లేచి చెప్పులు తొడుక్కుంటూ “ముప్పై ఏండ్లు కొట్లాడినవ్. ఆఖరికి గెలిచినవ్” అన్నారు. అంతే. పొద్దున బండి కట్టించారు. నాకూ ఒక పెట్టె వచ్చింది.

రాజేందర్ వచ్చి ఇందిరను తీసుకెళ్లాడని విన్నాను. ఇంటి తాళాలు ఇప్పుడు ఆ పిల్ల దగ్గరే ఉన్నాయట. మీరు కోరినవన్నీ జరిగాయి.

ఇప్పుడు నేను ఒకటి కోరుతున్నాను. పొరపాటున జరిగిందంటే మా ఆయన నమ్మడం లేదు. వేరు లాగొద్దని వికారాబాదు వదినే చెప్పిందని నేనంటే, ఒక మనిషిని చంపింది చాలక నేరం ఇంకొకరి మీద కూడా వేస్తున్నావా అన్నారు. ఇందిర కూడా ఒకసారి ఆ మాట ఎత్తిందట. “అత్త నేర్పిచ్చి పంపిందా?” అని ఆమె నోరు మూయించారట. నా మాట చెల్లదు, ఆ పిల్ల మాట చెల్లదు. మీరు ఆయన పేరున నాలుగు ముక్కలు రాయండి. వేరు లాగొద్దు, మొదట్లకే కోయమని నేనే చెప్పాను, సావిత్రమ్మ అలాగే చేసింది, అని. నాకు మీ జాలి వద్దు. జరిగింది రాస్తే చాలు.

సావిత్రమ్మ


దౌల్తాబాదు
9-12-1959

గోవిందమ్మగారికి,

మూడు నెలలు దాటింది. పోస్టు తప్పిందేమోనని మళ్లీ రాస్తున్నాను. తప్పి ఉండదని నాకు తెలుసు.

ఇక్కడ మా వదిన నన్ను ఒక్క మాట అనదు. నేను వంటింట్లోకి పోబోతే మాత్రం ముందే లేచి తానే పోతుంది. పప్పు కూడా నన్ను కడగనివ్వదు. పిల్లల పళ్లేలు నా పక్క నుంచి జరుపుతుంది. ఆమెను అనడానికేం లేదు, నేనైనా అదే చేస్తాను.

చైత్రంలో మా అత్తగారి సంవత్సరీకం. ఆ రోజు నేను ఆ ఇంట్లో లేకపోతే ఇక ఎప్పటికీ లేనట్టే. మా ఆయన మొండితనం నాకు తెలుసు, ఏడాది దాటితే అదే అలవాటైపోతుంది. అందుకని అడుగుతున్నాను. నాకు అడగడం చేతకాదు, అయినా అడుగుతున్నాను. నేను చెప్పాల్సింది నేను చెప్పాను. మీరు చెప్పాల్సింది మీరు చెప్పండి.

సావిత్రమ్మ


వికారాబాదు
2-4-1960

వదినా,

మీ రెండు ఉత్తరాలూ అందాయి. పోస్టు తప్పలేదు.

మీ ఆయన పేరున మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు చించేశాను. ఎందుకో చెబుతాను. మీరు రాసింది నిజమే. లాగొద్దు, కోయమని నేనే అన్నాను. కానీ అది సగమే. మా చెలకలో మా అత్తల కాలం నుంచీ మంచివి తప్ప మొలవవు, అందుకని అక్కడ కోస్తే చాలు. కొత్త చోట కనిపిస్తే మాత్రం, చెదపుట్ట పక్కనైనా సరే, ముందు ఒకటి వేరుతో సహా తవ్వి చూడాలి. వేరు లేకపోతే అన్నీ వదిలేసి రావాలి. ఇది మా ఇంట్లో మొదటి పాఠం. ఇందిరకు చెప్పాను. అందుకే ఆ పిల్ల వేర్లు అడిగింది. మీకు చెప్పలేదు.

మరిచిపోయి కాదు. ఆ రోజు మీరు మా చెలక గట్టు మీద నిలబడి చుట్టూ చూసి “గింతేనా మీ భూమి?” అన్నారు. మీకు గుర్తు కూడా ఉండదు. నాకు ఒళ్లు మండింది. చెప్పబోయిన మాట మింగేశాను. మా విద్య అంతా ఈవిడకెందుకు, ఏనాడైనా కావాలంటే నా కూతుర్నే అడుగుతుందిలే అనుకున్నాను. దాని వల్ల ఒక మనిషి పోతుందని నాకు తెలియదు. మీకూ తెలియదు. అక్కడిదాకా మనిద్దరం సమానమే.

కానీ నేను రాయను. ఇందిర ఇప్పుడు ఆ ఇంట్లో కుదురుకుంది. మీ ఆయన ఆమె చేతి నీళ్లు తాగుతున్నారు, రాజేందర్ ఆమెతో మునుపటిలా ఉంటున్నాడు. ఇదంతా ఆమె తల్లి సగం మాట దాచడం వల్ల జరిగిందని తెలిసిన రోజున ఆ పిల్ల మళ్లీ పెట్టెతో ఇక్కడ దిగుతుంది. ఈసారి తీసుకెళ్లడానికి ఎవరూ రారు.

ఈ కాగితం మీ దగ్గరే ఉంటుంది. సంవత్సరీకం లోపు మీ ఆయనకు చూపించుకోవచ్చు, నా చేతిరాతే. కానీ ఆ పిల్ల మీ ముఖం చూసి మీ కోసం అబద్ధం ఆడింది. ఆమెను రెండోసారి రైలెక్కించగలిగితే చూపించండి. మీరు చేయలేరని నమ్మే ఇది రాస్తున్నాను. ఇంత చెడ్డదాన్నని నాకూ ఇన్నాళ్లు తెలియదు.

మా పిల్లను పంపేసి, నిజం కడుపులో పెట్టుకుని ఆ రోజుల్లో మీకు అన్నం ఎలా దిగిందా అని చాలాసార్లు అనుకున్నాను. దిగుతుంది వదినా. నేను రెండు పూటలా తింటున్నాను.

గోవిందమ్మ